నాకన్నా ముందే పాలు పొంగించినవాడా

మా బాన్సువాడలో కొత్త వస్తువు ఇంటికొస్తే ముందు బొట్టు పెడతాం. బండికి పెడతాం, కుట్టుమిషనుకు పెడతాం, బావి దగ్గర మోటరుకూ పెడతాం. నిజామాబాదులో కొని, అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌కు కూడా మా అమ్మ పసుపు కుంకుమ తెచ్చి మూత మీద బొట్టు పెట్టింది. మా బిడ్డ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరింది. యాసంగి వడ్ల పైసలకు చిట్టీ ఎత్తిన పైసలు కలిపితే వచ్చిన మిషను అది. కొబ్బరికాయ కొట్టి, మూత తెరిచి, మీట నొక్కాం. లోపల అప్పటికే నువ్వున్నావు.

నిన్ను స్తుతించాలని ఆ రాత్రే అనుకున్నాను. స్తుతికీ నిందకూ మన భాషలో పాత చుట్టరికం ఉంది. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళపు స్వామిని నిలదీసినట్టే కొలిచాడు. ఆ నిలదీతంతా భక్తే. నా దారి దానికి ఎదురు దారి. నేను పొగిడే గుణం ప్రతి ఒక్కటీ నీలో నిజంగా ఉన్నదే, ఒక్కటీ కల్పించను. ఆ గుణాలు మా ఇంటికి ఏం చేశాయో అది కూడా దాచకుండా చెబుతాను.

మొదట నీ ముందుచూపుకు దండం. ఇల్లు కట్టుకున్నవాళ్లు పాలు పొంగించకముందే నువ్వు వచ్చి పొయ్యి ముట్టించుకున్నావు. భాష అడిగితే చెప్పాం, దేశం అడిగితే చెప్పాం, పాస్‌వర్డు పెట్టాం, షరతులన్నిటికీ ఒప్పుకున్నాం అని నొక్కాం. ముప్పావు గంట తర్వాత తెర వచ్చింది, దాని నిండా నీ రూపాలే. నెల రోజులే పనిచేసే యాంటీవైరస్ ఒకటి, ఎవరూ అడగని పేకాట ఒకటి, మిఠాయిలు పేల్చే ఆట ఒకటి, బట్టల దుకాణానికి దారి చూపే గుర్తు ఒకటి, ఫొటోలు దాస్తానని చందా అడిగేది ఒకటి. అవి చాలవన్నట్టు తయారుచేసిన కంపెనీ సొంత పేరుతో నాలుగు; వాటిలో మూడు చేసేది ఒకటే పని. మా బిడ్డ ఒక్కొక్కటి చూసుకుంటూ పోయి ఆగింది.

"బాపూ, ఇవన్నీ మనం అడిగినమా?"

"లేదు బిడ్డా."

"మరి వీటికి పైసలెవరిచ్చిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. మరునాడు దుకాణానికి ఫోన్ చేస్తే "కంపెనీ నుంచే వస్తయి సార్, అన్నిట్ల ఉంటయి" అన్నారు. వర్షాకాలంలో దోమలుంటాయి అన్నంత మామూలుగా చెప్పారు. జవాబు తర్వాత నేనే వెతుక్కున్నాను. ల్యాప్‌టాప్ ఒకదాని మీద తయారీదారుకు మిగిలేది తక్కువ, పోటీ ఎక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి వాళ్లు అమ్ముకునేది లోపలి చోటు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సరుకు ముందుగానే ఎక్కించమని తయారీదారులకు డబ్బిస్తాయి. పెట్టింది పెట్టినట్టే ఉంచేసేవాళ్లే జనంలో ఎక్కువని వాళ్లకు తెలుసు. గడువు తీరాక భయంతోనో, తెలియకనో కొందరు చందా కడతారనీ తెలుసు. అంటే బిడ్డ అడిగిన పైసలు ఇచ్చినవాళ్లు వేరే ఉన్నారు. అమ్ముడుపోయింది మా ఏమరుపాటు. మిషను ధర మేం పూర్తిగా కట్టాక కూడా మమ్మల్ని ఇంకోసారి అమ్మారు.

ఇందులో ఇంకో మెట్టు కూడా ఎక్కిన సందర్భం ఉంది. 2008లో సోనీ కొన్ని వాయో ల్యాప్‌టాప్‌ల మీద నీలాంటివి లేకుండా ఇవ్వడానికి 'ఫ్రెష్ స్టార్ట్' అని పేరు పెట్టి 49.99 డాలర్లు అడిగింది. ఎక్కించినందుకు ఒకరి దగ్గర, దించడానికి మరొకరి దగ్గర. గొడవ కావడంతో వెంటనే ఆ రుసుము ఎత్తేసింది. నీ విలువ ఎంతో బజారే ఒకసారి లెక్కగట్టి చూపింది: నువ్వు లేకపోతే చాలని మనుషులు యాభై డాలర్లిస్తారని.

నీ మెలకువను పొగడాలి. మేం నిద్రపోయినా నువ్వు నిద్రపోవు. మా ఇంట్లో ఫైబర్ లేదు. నా ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ. దాన్నే హాట్‌స్పాట్ పెట్టి బిడ్డకిస్తాను. ఉదయం ఏడింటికి క్లాసు వీడియో చూద్దామని కలిపితే తొమ్మిది కాకముందే ఫోన్‌కు మెసేజ్ వచ్చేది, మీ ఈరోజు డేటాలో సగం అయిపోయిందని. చూసిన వీడియో పది నిమిషాలు. మిగతాది నీ భోజనం. ఎవరూ ఆడని ఆట తనను తాను కొత్త చేసుకుంది. మేం తెరవని యాంటీవైరస్ తన పట్టికలు దించుకుంది. కంపెనీ పెట్టిన మూడు గుర్తులూ వేర్వేరుగా వాళ్ల ఊరితో మాట్లాడుకున్నాయి. హైదరాబాదులో రోజంతా తెగని నెట్ ఉన్న ఇంట్లో నీ తిండి ఎవరికీ లెక్కలోకి రాదు. మా ఇంట్లో అది బిడ్డ తిండిలో నుంచి తీసిందే. మధ్యాహ్నం రెండు దాటాక ఆమెకు నెట్ లేదు.

ఇక చోటు సంగతి. ఇది నిజాంసాగర్ కింద బతికే మనిషికి చెప్పక్కర్లేని సంగతి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ ప్రాజెక్టు కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు లెక్క 17.8. మధ్యలో పోయిందంతా పూడిక. పైనుంచి చూస్తే అదే కట్ట, అవే గేట్లు, అదే నీటి మెరుపు. లోతు ఎంత పోయిందో చివరి ఆయకట్టు రైతుకే తెలుస్తుంది, తూము దాకా నీళ్లు రానప్పుడు. అక్కడ ఏళ్లు పట్టిన పూడికను నువ్వు ఇక్కడ దుకాణంలో అమ్మకముందే నింపిపెట్టావు. పెట్టె మీద ర్యామ్ 8 జీబీ అని ఉంది. మేం ఒక్కటీ తెరవకముందే టాస్క్ మేనేజర్‌లో సగానికి పైగా వాడకంలో ఉన్నట్టు చూపింది. అందులో విండోస్ వాటా పెద్దదే, అది దానికి కావాలి. కానీ పక్కనే వరుసగా నీ పేర్లు కూడా ఉన్నాయి, మిషను లేవగానే నీతోపాటే లేచేవి. మా బిడ్డ రాసుకునే సీ ప్రోగ్రామ్ నలభై లైన్లు ఉండదు. అది నడవడానికి తన వంతు కోసం చూడాల్సి వచ్చేది.

నీ జాలిగుండె గురించి ఒక పేరా అయినా రాయాలి. మాకు ఏమైపోతుందోనని నీకు ఎంత దిగులు! పక్కింటి అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, స్కాలర్‌షిప్ రెన్యూవల్ కోసం ఈ-పాస్ ఫారం నింపుకోవడానికి మా ఇంటికి వచ్చింది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు, నెట్ సెంటర్‌లో ఆ వారం వరుస పెద్దది. ఆధార్ నంబరు కొట్టింది. వాళ్ల నాన్న ఫోన్‌కు ఓటీపీ రావాలి, ఆయన పొలంలో ఉన్నాడు. ఆయన అవతల నుంచి ఒక్కో అంకె చదువుతున్నాడు, ఈ పిల్ల ఇవతల కొడుతోంది. నాలుగో అంకె దగ్గర తెర మధ్యలో ఎర్రటి పెట్టె లేచింది. మీ కంప్యూటర్‌కు రక్షణ లేదు, మీ సమాచారం ప్రమాదంలో ఉంది, ఇప్పుడే పునరుద్ధరించండి. వెనక ఫారం కనబడకుండా పోయింది. మూసేసే గుర్తు ఎక్కడుందో ఆ పిల్లకు దొరకలేదు. బూడిదరంగు మీద బూడిదరంగులో, మూలన, చిన్న అక్షరాల్లో 'తర్వాత గుర్తుచెయ్యి' అని ఉంది. అది దొరికేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. రెండోసారి పంపమంటే సర్వర్ బిజీ. ఆ పిల్ల భయపడి అన్న మాట నేను మరిచిపోలేను. "అంకుల్, నా ఆధార్ కొట్టినందుకే వైరస్ వచ్చిందా?" అని అడిగింది. తప్పు తనదనుకుంది.

నిజానికి ఆ మిషనుకు సొంత రక్షణ లేకపోలేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి విండోస్‌తోపాటే డిఫెండర్ అనే కావలి ఉంటోంది, విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. వేరే యాంటీవైరస్ వచ్చి నేనున్నానంటే అది మర్యాదగా తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే తిరిగి తన చోటికి వస్తుంది. ఇంటికి కావలివాడు ముందే ఉన్నాడు. నువ్వొచ్చి అతన్ని పక్కకు జరిపి, నెల తిరగగానే ఇల్లు కాపలా లేకుండా పడి ఉందని వీధంతా వినబడేలా అరిచావు. ఇందులో నీ గొంతుకు సాటి లేదు.

నీ ధైర్యాన్ని పొగడకపోతే ఈ స్తుతి కుంటిదవుతుంది. 2014లో లెనోవో తన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే సంస్థ తయారుచేసిన 'విజువల్ డిస్కవరీ' అనే దాన్ని ఎక్కించి అమ్మింది. మనం చూసే పేజీల్లో తన ప్రకటనలు చొప్పించడం దాని పని. బ్యాంకు పేజీకి తాళం గుర్తు ఉంటుంది కదా, ఆ తాళమున్న పేజీల్లోకి కూడా పోవాలని దానికి కోరిక. అందుకు అది ఒక పని చేసింది. ఏ సైటు అసలుదో ఏది నకిలీదో మిషనుకు చెప్పే పెద్దమనుషుల పట్టిక ఒకటి విండోస్‌లో ఉంటుంది. ఆ పట్టికలో తన పేరు తానే రాసుకుంది. ఆపైన ప్రతి సైటుకూ తానే ముద్ర వేసి ఇవ్వసాగింది. ఆ ముద్ర తాళంచెవి అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో రాబర్ట్ గ్రాహమ్ అనే భద్రతా నిపుణుడు ఆ తాళంచెవి మీది పాస్‌వర్డును కొద్ది గంటల్లో బయటపెట్టాడు. అది 'కొమోడియా', ఆ పరికరం వెనక ఉన్న కంపెనీ పేరే. అంటే రైల్వే స్టేషన్‌లోనో హోటల్‌లోనో ఒకే వైఫై మీద ఉన్న ఎవడైనా ఆ ల్యాప్‌టాప్‌కు నకిలీ బ్యాంకు పేజీ చూపించవచ్చు, తాళం గుర్తు మాత్రం చెక్కుచెదరకుండా కనబడుతుంది. ప్రకటనల పైసల కోసం లక్షల ఇళ్ల తలుపులకు ఒకే తాళం వేసి, చెవిని గుమ్మం మీదే పెట్టిపోయినంత పని. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ 32 రాష్ట్రాలతోనూ లెనోవో రాజీ చేసుకుంది. రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. ఇకమీదట ఇలాంటివి ఎక్కించాలంటే కొన్నవాళ్ల ఒప్పుదల ముందుగా తీసుకోవాలని షరతు పడింది. మా బిడ్డ అడిగిన మొదటి ప్రశ్నే అది, మనం అడిగినమా అని.

ఆ తాళంచెవి బయటపడ్డ ఏడాదిలోనే నీ ప్రతాపం ఇంకా ఉంది. 2015 నవంబరులో డెల్ ల్యాప్‌టాప్‌లలో ఇలాగే తాళంచెవితో సహా దిగిన 'ఈడెల్‌రూట్' బయటపడింది. కంపెనీ క్షమాపణ చెప్పి తీసేసే దారి చూపింది. 2016లో డ్యుయో సెక్యూరిటీ వాళ్లు ఏసర్, ఏసస్, డెల్, హెచ్‌పీ, లెనోవో ఈ ఐదు కంపెనీల ల్యాప్‌టాప్‌లు కొని, వాటిని తాజాగా ఉంచడానికంటూ కంపెనీలు ముందే పెట్టిన అప్‌డేటర్లను పరీక్షించారు. ఐదింట్లోనూ, దూరం నుంచి ఎవరైనా చొరబడి మిషను మొత్తం చేతిలోకి తీసుకోగల కంత కనీసం ఒక్కటైనా దొరికింది. అది చదివాక మా ల్యాప్‌టాప్‌లో ఒకే పని చేస్తున్న మూడు కంపెనీ గుర్తుల వైపు నేను కొత్త చూపు చూశాను. ఎన్ని తలుపులుంటే అన్ని గడియలు వేసుకోవాలి. మేం అడగని తలుపులకు కూడా మేమే గడియ వేసుకోవాలి.

ఇంత చరిత్ర ఉన్నవాడివి, రాజ్యం దాకా నీ పేరు వెళ్లకుండా ఉంటుందా? కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తన యాప్‌ల మూటంతా ఫోన్లలో ముందే పెట్టాలని తయారీదారుల్ని కట్టడి చేయడం, తీసేయడానికి వీలివ్వకపోవడం అన్యాయమని చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ముందే ఎక్కించిన యాప్‌లను వాడేవాళ్లు తీసేసుకోనివ్వాలన్న ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. నాకు ఆ వార్తలో రెండో సగమే గుచ్చుకుంది. తప్పు తప్పేనట, తీసే హక్కు మాత్రం నాకు రాలేదు. 2025 నవంబరు ఆఖరున మన టెలికాం శాఖే సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే ఎక్కించాలని ఆదేశమిచ్చింది. దేశమంతా అభ్యంతరం లేచింది. డిసెంబరు 3న ఆ తప్పనిసరిని వెనక్కి తీసుకుంది. పోగొట్టుకున్న ఫోన్ వెతికిపెట్టే మంచి యాప్ అది, నేను స్వయంగా వేసుకున్నాను. నేను వేసుకోవడానికీ నాకు వేసి ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడా ఎంతుందో ఆ వారం జనానికి బాగానే అర్థమైంది. ఫోన్ల మీద లేచిన ఆ గొంతు ల్యాప్‌టాప్‌ల మీద కూడా లేస్తే బాగుండును.

నిన్ను పీకేయడానికి కూర్చున్న రాత్రి మా అమ్మ పక్కనే మంచం మీద ఉంది. సెట్టింగ్స్‌లో యాప్‌ల పట్టిక తెరిచి నేనూ బిడ్డా ఒక్కొక్కటి చూస్తున్నాం. తొంభైకి పైగా పేర్లు. ఏది విండోస్‌కు కావలసినదో, ఏది సౌండుకో వైఫైకో సంబంధించిన డ్రైవరో, ఏది నువ్వో తెలియడం లేదు. అన్నిటి పేర్లూ ఒకేలా ఉన్నాయి: ఏదో అసిస్ట్, ఏదో కనెక్ట్, ఏదో వాంటేజ్. బిడ్డ విసుక్కుంటే అమ్మ లేచి కూర్చుంది.

"ఊద గూడ వరిలెక్కనే ఉంటది బిడ్డా. ఎన్ను దీసెదాకా తెల్వదంటరు గని, మెడ జూస్తె ముందుగాల్నే తెలుస్తది."

నలభై ఏళ్లు నాట్లేసిన, కలుపు తీసిన మనిషి ఆమె. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వరి ఆకు కాండాన్ని కలిసే చోట మెడలో తెల్లటి పలచని పొర ఒకటి నిలబడి ఉంటుంది, రెండు పక్కలా సన్నని నూగు వెంట్రుకల కొసలుంటాయి. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. బురదలో వంగి వేలితో ఆకును కొంచెం వెనక్కి వంచి, ఒక్క చూపు చూసి, వేరుతో సహా లాగి గట్టు మీదికి విసురుతారు. మా పని కూడా అదే అయింది. ప్రతి పేరుకూ కింద తయారుచేసినవాళ్ల పేరు ఉంటుంది, ఎక్కిన తేదీ ఉంటుంది. మేం కొనకముందు తేదీ ఉండి, మిషను తయారుచేసినవాళ్లూ మైక్రోసాఫ్టూ కాని మూడో పేరు ఉంటే అక్కడ ఆగి చూశాం. ప్రాసెసర్, సౌండు, వైఫై చిప్పుల కంపెనీల పేర్లు ముందే కాగితం మీద రాసుకుని వాటిని ముట్టుకోలేదు. అనుమానమున్నదాన్ని తీయకుండా, మిషనుతోపాటు లేవకుండా స్టార్టప్‌లో ఆపి పెట్టాం.

వెళ్లేటప్పుడు నువ్వు చూపిన మమకారం ఎవరూ చూపలేరు. నిజంగానే వెళ్లమంటారా అని ఒకసారి అడిగావు. సగం ధరకే ఉంటానన్నావు. ఎందుకు పంపిస్తున్నారో కారణం చెప్పమని ఐదు గళ్లు చూపావు. 'ఉంచుకుంటాను' అన్న బటను నీలంగా నిండుగా ఉంది, 'తీసెయ్' అన్నది గీత కూడా లేని లేత అక్షరాల్లో ఉంది. నాలుగు మెట్లు దిగాక మిషను ఆపి మళ్లీ వెలిగించమన్నావు. వెలిగించాక నీ ముక్కలు కొన్ని ఇంకా సేవల పట్టికలో తిరుగుతున్నాయి. నిన్ను తయారుచేసినవాళ్లే ఇచ్చిన వేరే తీసివేత పరికరం దించుకుంటే తప్ప అవి పోలేదు.

అన్నీ పోవాలంటే రీసెట్ చేస్తే చాలనుకున్నాం. కంపెనీ దాచిపెట్టిన రికవరీ భాగం నుంచి చేస్తే కంపెనీ పెట్టినట్టే తిరిగి వస్తావని తెలిశాక ఆ ఆలోచన మానుకున్నాం. శుభ్రమైన దారి ఒకటుంది: 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను దించుకుని కొత్తగా ఎక్కించడం. లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే నమోదై ఉంటుంది కాబట్టి మళ్లీ కొననక్కర్లేదు, నెట్ కలపగానే దానంతటదే ఒప్పుకుంటుంది. కానీ ఆ దించుకోవడమే ఐదు జీబీలు దాటుతుంది. మాకు అది నాలుగు రోజుల డేటా. తెలిసిన నెట్ సెంటర్ ఆయన్ను అడిగితే రాత్రి షట్టర్ వేసే ముందు పెన్‌డ్రైవ్ పెట్టిపొమ్మన్నాడు. పొద్దున్నే వెళ్లి తెచ్చుకున్నాను. వైఫై డ్రైవరును కూడా అందులోనే వేయించుకున్నాను. అది లేకపోతే కొత్త విండోస్ ఎక్కాక నెట్ కలపడానికే దారి ఉండదని, ఇంకొకళ్లు పడ్డ తిప్పలు ఆయన చెప్పాడు.

ఎక్కించాం. నీ మొండితనం మీద నాకున్న గౌరవం ఆ తర్వాత ఇంకా పెరిగింది. బయోస్‌లోనే ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంచి, విండోస్ కొత్తగా ఎక్కగానే దాన్ని తిరిగి నాటే పద్ధతి ఒకటుంది. మైక్రోసాఫ్ట్ ఆ వీలు కల్పించింది దొంగలెత్తుకుపోయిన ల్యాప్‌టాప్‌లను పట్టుకోవడంలాంటి పనుల కోసం. 2015లో లెనోవో 'సర్వీస్ ఇంజిన్' అదే వీలు వాడుకుని డిస్కు తుడిచినా తిరిగి మొలిచేది. లోపం బయటపడ్డాక దాన్ని ఆపేసే మందు విడుదల చేశారు. మా మిషనులో అంత దూరం పోలేదు. అయినా నెట్ కలిపిన పది నిమిషాలకు, మీ ల్యాప్‌టాప్ కంపెనీ యాప్ ఎక్కిస్తున్నాం అని మూలన ఒక చీటీ వచ్చింది. బిడ్డ, నేను ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్‌లో చూస్తే ఇంకా 600 ఎంబీ మిగిలి ఉంది. కొన్నాక మొదటిసారి. బిడ్డ రేపటి క్లాసు వీడియో దించుకుంది, నలభై లైన్ల ప్రోగ్రామ్ నడిపి చూపించింది, పక్కింటి అమ్మాయిని పిలిచి ఈ-పాస్ ఫారం ఈసారి పూర్తి చేయించింది. ఓటీపీ ఆరు అంకెలూ పడ్డాయి. ఆ పిల్ల ప్రింటు కోసం పొద్దున నెట్ సెంటర్‌కు వెళ్లింది.

"పీకినం గదా అని గట్టెక్కి కూసుంటె కాదు," అంది అమ్మ, "నీళ్లు వెట్టినప్పుడల్లా మల్ల మొలుస్తది."

పదిహేను రోజులకు ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. మిషను మళ్లీ లేచాక స్టార్ట్ మెనూ మూలన కొత్త గుర్తు ఒకటి కనబడింది, మేం పెట్టనిది. బిడ్డ నన్ను పిలవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, కింద ఎవరి పేరుందో చదివి, దాని మీద రైట్ క్లిక్ చేసింది.